చప్పట్ల నుండి జోగిపేట దాకా

క్రిందటి మాసంలో మా ఊరికి 12 కిలోమీటర్ల దూరంలోని ఒక చిన్న పట్టణంలో సదస్సొకటి జరిగింది. సామాజిక మాధ్యమాల ద్వారా అనుసంధానం అన్నది చర్చనీయాంశం. ఊరి మొగదలనున్న కల్యాణమండపంలో సభ. ముందురోజు పెండ్లికి కట్టిన బంతిపూల తోరణాలు ఇంకా వాడలేదు. వాటి క్రిందనే వేదిక వేశారు. "పెద్దలు" అన్న లెక్కలో నన్నూ పిలిచారు. వెళ్ళి ముందు వరుసలో కూర్చున్నాను.

సభ బాగానే జరిగిందని ముందే చెప్పాలి. ఇంట్లో సకినాలు చేసి వాట్సాప్ ద్వారా హైదరాబాదు దాకా అమ్ముకుంటున్న ఒక ఇల్లాలు తన అనుభవం చెప్పింది. నెత్తురు కావలసి వచ్చినప్పుడు గంటలో దాతను వెదికిపెట్టే కుర్రవాళ్ళు మాట్లాడారు. ఇవి తేలికగా తీసిపారవేయదగిన పనులు కావు. మా తరంవారు కొందరు సెల్‌ఫోను పేరెత్తితేనే ముఖం చిట్లిస్తారు. నేనా కోవలో లేను. అయితే ప్రధానవక్తగా వచ్చిన యువకుడు ఉత్సాహంలో ఒక మాటన్నాడు. ఈ మాధ్యమాలు రాకముందు చిన్న ఊళ్ళవాళ్ళకు ఒకరితో ఒకరికి సంబంధం కల్పించుకొనే మార్గమే ఉండేది కాదట. ఎవరి ఊళ్ళో వారు బావిలో కప్పల్లా ఉండేవారట. సభ చప్పట్లు కొట్టింది.

చప్పట్లు వినగానే నా మనసు ఎటో పోయింది. నాకు మూడు నిమిషాలిచ్చారు. మూడు నిమిషాల్లో చెప్పగలిగింది కాదు కనుక శుభాకాంక్షలు చెప్పి దిగిపోయాను. అప్పుడు చెప్పలేకపోయినది ఇప్పుడిక్కడ రాస్తున్నాను. ఆ యువకుణ్ణి ఖండించడం నా ఉద్దేశం కాదు. అతనికెవరూ చెప్పలేదు, అంతే. చెప్పవలసిన ఉద్యోగంలో మూడు దశాబ్దాలకు పైగా ఉన్నవాణ్ణి నేనే.

అనుసంధానమన్న మాట విన్నప్పుడల్లా పండితవాసన వదలని నాబోటివాడికి సంధి, సమాసం జ్ఞప్తికి వస్తాయి. సంధిలో రెండచ్చులు కలిస్తే ఒకటి తప్పుకుంటుంది, రెండవదే నిలుస్తుంది. సమాసంలో రెండు పదాలూ నిలిచే ఉంటాయి, విభక్తి మాత్రం పోతుంది. తరగతిలో ఇది చెప్పేటప్పుడు పిల్లలు నవ్వేవారు. మనుషులు కలిసే చోట కూడా ఈ రెండు విధాలూ ఉన్నాయని నేను తెలుసుకున్నది వ్యాకరణంలో కాదు, హైదరాబాదు రాష్ట్రచరిత్రలో.

నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానంలో తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాలు మూడూ కలిసి ఉండేవి. జనసంఖ్యలో సగానికి దగ్గరగా తెలుగువారే. అయినా పందొమ్మిదవ శతాబ్ది చివరి నుండి కచ్చేరీ భాష ఉర్దూ. అంతకు ముందు పారశీకం. 1918లో నెలకొల్పిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధనాభాష ఉర్దూయే. భారతీయభాషలో ఉన్నతవిద్య చెప్పవచ్చునని నిరూపించిన గొప్ప ప్రయోగమది, అందులో సందేహం లేదు. కాని ఆ భారతీయభాష మనది కాదు. పట్టణాల్లో ఉద్యోగస్థులైన తెలుగువారు ఇండ్లలో తెలుగు, బయట ఉర్దూ. నలుగురిలో తెలుగు మాట్లాడడం నాగరకుల లక్షణం కాదన్న భావం పాతుకుపోయింది. "తెలంగీ బేఢంగీ" అన్న ఎగతాళి ఆనాటిదే. ఢంగు లేనిది, తీరు తెన్ను లేనిది తెలుగు అని దాని భావం.

మినుకు మినుకుమంటూ కొన్ని దీపాలు మాత్రం ఉండేవి. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు, రావిచెట్టు రంగారావు దానికి మూలపురుషులు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం. 1906లో హైదరాబాదులోనే విజ్ఞానచంద్రికా మండలి పుట్టింది, తరువాత మద్రాసుకు తరలిపోయింది. (ఇక్కడొక మాట. ఆనాటి ఈ సంస్థల పేర్లలో "ఆంధ్ర" శబ్దం తెలుగుకు పర్యాయంగా వాడినది. తర్వాతి కాలపు రాష్ట్రాల పేర్లనూ, వాటి వివాదాలనూ దానికి అంటగట్టి చదవరాదు.) గ్రంథాలయానికి వచ్చినవాడు పుస్తకం కోసమే వచ్చినా, పక్కన కూర్చున్నవాడు తెలుగు చదువుతున్నాడని చూసిపోయేవాడు. "నావంటివాడు ఇంకొకడున్నాడు" అన్న ఎరుక చిన్నదేమీ కాదు.

ఇక 1921 నవంబరు. హైదరాబాదులోని వివేకవర్ధనీ పాఠశాల ప్రాంగణంలో సంఘసంస్కారసభ. అధ్యక్షులు మహర్షి ధోండో కేశవ కర్వే. స్త్రీవిద్యకై జీవితం ధారపోసినవారు, 1916లో మహిళా విశ్వవిద్యాలయం స్థాపించినవారు. ఇంతకంటె ఉదాత్తమైన సభ ఆ రోజుల్లో ఏముంటుంది? వక్తలు ఇంగ్లీషులో మాట్లాడారు, ఉర్దూలో మాట్లాడారు, మరాఠీలో మాట్లాడారు. అందరివీ శ్రద్ధగా విన్నారు. అప్పుడు అల్లంపల్లి వేంకటరామారావు అనే న్యాయవాది లేచి ఒక తీర్మానంపై తెలుగులో మొదలుపెట్టారు. సభలో నవ్వులు. చప్పట్లు. ఆగని చప్పట్లు. మెచ్చుకోలుకు కొట్టేవి కావవి, మనిషిని కూర్చోబెట్టడానికి కొట్టేవి. ఆయన మాట ముగించలేక కూర్చోవలసి వచ్చింది.

ఆలోచించి చూడండి. అడ్డుపడినవారు నిరంకుశులు కారు, సర్కారువారూ కారు. స్త్రీలకు చదువు రావాలనీ, వితంతువుకు వివాహం కావాలనీ తీర్మానాలు చేయడానికి వచ్చిన సంస్కర్తలు. పొరుగుభాషవాడు తన భాషలో నోరు విప్పితే సహించలేకపోయారు. నేను పైన చెప్పిన సంధికార్యం ఇదే. అందరూ కలవవచ్చు, ఒకరు తప్పుకుంటే.

ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో పది పన్నెండుగురు తెలుగువారు కూడారు. ఉద్వేగంలో ఉన్నారని వేరే చెప్పనక్కరలేదు. కాని వారు చేసిన పని మాత్రం ఉద్వేగంతో చేసినది కాదు. ఎదుటి సభను తిట్టుతూ కరపత్రం వేయలేదు. అల్లరికి అల్లరి చేయలేదు. ఆంధ్రజనసంఘమని ఒక చిన్న సంఘం పెట్టుకున్నారు. కొద్ది మాసాల్లో, 1922లో, దానికి నియమావళి ఏర్పడింది. మాడపాటి హనుమంతరావు కార్యదర్శి అయ్యారు. మాడపాటివారు పుట్టింది కృష్ణా జిల్లాలో, పెరిగింది సూర్యాపేటలో. ఉర్దూలో దిట్ట. ప్రేమ్‌చంద్ కథలను తెలుగుచేసిన తొలివారిలో ఒకరు. తెలుగు కోసం పాటుపడిన ఆయనకు ఉర్దూపై ద్వేషం లేకపోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానూ, ఊరటగానూ ఉంటుంది. ఎక్కడా గొంతు పెంచినట్లు కనబడదు. ఆయన మితభాషిత్వం ఆనాడే కొందరికి పిరికితనంగా తోచింది; కాని ఆ పద్ధతి లేకుంటే ఈ కథ రెండో ఏట ముగిసేదని నా నమ్మకం.

సంఘం ఊళ్ళల్లో శాఖలుగా పాకింది. శాఖలన్నింటినీ కలపడానికి ఆంధ్రజన కేంద్రసంఘం. దాని మొదటి సమావేశం 1923లో హనుమకొండలో జరిగింది. వారు పెట్టుకున్న పనులు చూస్తే ముచ్చటేస్తుంది. గ్రంథాలయాలు, పాఠశాలలు స్థాపించడం. శాసనాలు, తాళపత్రాలు సేకరించడం; దీనికి లక్ష్మణరాయ పరిశోధకమండలి, దాని వెనుక ఆదిరాజు వీరభద్రరావు శ్రమ. వీటితోపాటు చిన్న చిన్న పుస్తకాలు అచ్చువేయడం. వెట్టిచాకిరిని గూర్చి ఒకటి, వర్తకుల స్వాతంత్ర్యాన్ని గూర్చి ఒకటి, మొహతర్ఫా పన్నును గూర్చి ఒకటి. వీటిలో వారు రాసినదేమిటి? విప్లవం చేయమని కాదు. సర్కారువారు తామే వెలువరించిన ఉత్తరువుల ప్రకారం అధికారి ఏది ఉచితంగా అడగరాదో, ఏ సరుకు ధర చెల్లించి తీసుకోవాలో తెలుగులో విప్పి చెప్పడం. చట్టం ఉర్దూలో ఉంది, బాధ తెలుగులో ఉంది. ఈ రెంటికీ నడుమ ఎనిమిది పుటల కాగితం. గ్రామాధికారి ముందు ఆ కాగితం తీసి చూపిన కోమటినో, కుమ్మరినో ఊహించుకుంటే నాకు గొప్ప నాటకం చూసినట్లుంటుంది.

పత్రికల సంగతి మరీ చెప్పుకోదగినది. 1922లో నల్లగొండ నుండి షబ్నవీసు వేంకటరామ నరసింహారావు "నీలగిరి" నడిపారు. అదే ఏట వరంగల్లు జిల్లా ఇనుగుర్తి నుండి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు "తెనుఁగు" నడిపారు. ఇనుగుర్తి పట్టణం కాదు, పల్లె. ఆ పల్లెలో ముద్రణాలయం. రాసేవారూ, అచ్చుకూర్చేవారూ, తప్పులు దిద్దేవారూ చాలామట్టుకు ఆ అన్నదమ్ములే. రెండూ వారపత్రికలే, రెండూ కొన్ని ఏండ్లకే ఆగిపోయాయి. పత్రిక ఆగిపోతే విఫలమైందంటారు. నేననను. ఒక పల్లెలో అచ్చయిన కాగితం ఇంకొక పల్లెలో ఎవరో విప్పి చదివారు, ఆ ఇద్దరికీ ముఖపరిచయం లేదు. ప్రధానవక్త చెప్పిన అనుసంధానమంటే ఇదే కదా.

1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో "గోలకొండ" పత్రిక వెలువడింది. వారానికి రెండు పర్యాయాలు. పాలమూరు జిల్లాలో పుట్టి, మద్రాసులో న్యాయశాస్త్రం చదివి వచ్చిన సురవరంవారు వకీలు వృత్తిలో నిలిచి ఉంటే ధనికులయ్యేవారు. రెడ్డి విద్యార్థివసతిగృహం బాధ్యతలు చూస్తూ, పత్రిక కోసం తామే మారుపేర్లతో శీర్షికలు నింపుతూ గడిపారు. జిల్లాల నుండి వచ్చే ఉత్తరాలు దానికి ఊపిరి. నిజాం సంస్థానానికి సొంత టపా ఉండేది. సంస్థానపు తపాలా బిళ్ళల మీద ఉర్దూ, ఇంగ్లీషులతో పాటు తెలుగు, మరాఠీ అక్షరాలు కూడా అచ్చయ్యేవి. కచ్చేరీలో చోటు లేని తెలుగు అణా బిళ్ళ మూలలో మాత్రం ఉండనిచ్చారన్నమాట! ఆ మూలనుంచే అది ఊరూరా తిరిగింది.

కాగితం మీద కలిసినవారు కంటితో కలుసుకోవాలని కోరుకోవడం సహజం. అందుకు అడ్డు ఒకటుంది. సంస్థానంలో సభ జరపాలంటే సర్కారు అనుమతి ముందుగా పొందాలి. "గస్తీ నిషాన్ 53" అని జనం నోళ్ళలో నానిన ఉత్తరువు అదే. గస్తీ అంటే ఇక్కడ రాత్రి తిరిగే పహరా కాదు, శాఖాధికారులకు పంపే ఉత్తరువు. సభ ఎందుకు, ఎవరు మాట్లాడతారు, ఏం మాట్లాడతారు, ఇవన్నీ ముందే చెప్పుకోవాలి. గ్రంథాలయ వార్షికోత్సవానికి సైతం ఈ తిప్పలు తప్పేవి కావు. ఇవాళ ఒక కుర్రవాడు బొటనవ్రేలితో నొక్కి నూరుమందిని ఒక గుంపులో చేర్చగలడు. ఆనాడు నూరుమందిని ఒక పందిట్లో కూర్చోబెట్టడానికి నెలల తరబడి దరఖాస్తులు.

రాజకీయాలు ప్రస్తావించబోమన్న హామీ మీద చివరకు అనుమతి దొరికింది. 1930 మార్చి 3, 4, 5 తేదీల్లో మెదకు జిల్లా జోగిపేటలో నిజాం రాష్ట్ర ప్రథమాంధ్ర మహాసభ. అధ్యక్షులు సురవరం ప్రతాపరెడ్డి.

జోగిపేట ఎందుకు? ఇది తరచు నన్ను నేను వేసుకున్న ప్రశ్న. హైదరాబాదుకు 80, 90 కిలోమీటర్ల దూరం. రైలు లేని ఊరు. హైదరాబాదులో పెద్ద మందిరాలున్నాయి, దీపాలున్నాయి, వకీళ్ళున్నారు. కాని హైదరాబాదులో చప్పట్లు కూడా ఉన్నాయి. తెలుగువాడు తెలుగులో మాట్లాడితే వింత కాని చోటు కావాలంటే తెలుగు పల్లెల నడుమనున్న పేటకు పోవలసిందే. ఇది నా ఊహ మాత్రమే. అయినా తరువాతి సభలన్నీ ఏ ఊళ్ళలో జరిగాయో చూడండి. 1931లో దేవరకొండ, 1934లో ఖమ్మం, 1935లో సిరిసిల్ల, 1936లో షాద్‌నగరం, 1937లో నిజామాబాదు. చిలుకూరు, ధర్మవరం వంటి పల్లెలు కూడా తరువాత ఈ జాబితాలో చేరాయి. రాజధాని వంతు 1943లో గాని రాలేదు.

జోగిపేట తీర్మానాల్లో ఎక్కువభాగం విద్య, గ్రంథాలయాలు, బాల్యవివాహాలు, వెట్టి, వ్యవసాయదారుల కష్టాలు. చదివితే కొంత చప్పగానే ఉంటాయి. రాజకీయం మాట్లాడకూడదు మరి. కాని బడి కావాలి, అందులో తెలుగు చెప్పాలి అనడం కంటె పెద్ద రాజకీయం ఆ రాజ్యంలో ఏముంది? అధికారులకు అది తెలియక కాదు. మాడపాటివారు వారికి అడ్డుచెప్పే సందు ఇవ్వలేదు.

అదే పందిట్లో మహిళాసభ కూడా జరిగింది. నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. ఇది మహాసభకు అలంకారంగా పెట్టినది కాదు. తరువాత ప్రతి సభతోపాటూ మహిళాసభ నడిచింది. ఖమ్మంలో యెల్లాప్రగడ సీతాకుమారి, నిజామాబాదులో నందగిరి ఇందిరాదేవి అధ్యక్షత వహించారు. మగవారి సభలో పరదాల చాటున కూర్చోవలసినవారు తమ సభలో తామే అధ్యక్షులై తీర్మానాలు చదివారు. వితంతు వివాహం వంటి విషయాలు వచ్చినప్పుడు సనాతనులు గునిసిన మాట నిజమే.

గునిసిన సందర్భం ఇంకొకటి ఉంది. ఈ వ్యాసమంతా దానికోసమే రాస్తున్నానేమో అనిపిస్తుంది నాకు.

భాగ్యరెడ్డి వర్మ ఆ సభకు వచ్చారు. ఆయన అసలు పేరు మాదరి భాగయ్య. హైదరాబాదులో 1888లో పుట్టారు. 1906లో జగన్మిత్ర మండలి స్థాపించి హరికథల ద్వారా, బజనల ద్వారా తన జాతిని మేల్కొల్పారు. 1917లో బెజవాడలో పంచముల మహాసభకు అధ్యక్షులై, మేము పంచములం కాము, ఈ నేలకు ఆదివాసులం, ఆది ఆంధ్రులం అని ఆ సభ పేరే మార్పించిన ధీరుడు. అటువంటివాడు జోగిపేట సభలో ఉంటే, అస్పృశ్యత విషయం చర్చకు వస్తే, కొందరు సభ్యులు అభ్యంతరం చెప్పారు. కోపించి పందిరి విడిచి వెళ్ళినవారు కూడా ఉన్నారు. పెద్దలు నచ్చజెప్పవలసి వచ్చింది.

తొమ్మిదేండ్లు కూడా నిండలేదు చూడండి, వివేకవర్ధని చప్పట్లకు. అవమానపడి బయటికి వచ్చినవారు కట్టుకున్న పందిరి ఇది. మాకూ నోరుందని చెప్పడానికి కట్టుకున్నది. ఆ పందిట్లోనే ఇంకొకడు నోరు విప్పబోతే కొందరికి గిట్టలేదు. మరాఠీ సోదరులను నిందించడం సులభం. పైన నేనూ కొంత నిందించాను. మన సంగతేమిటి? సభను నడిపినవారు తలవంచలేదనీ, వర్మను పంపివేయలేదనీ చెప్పుకోవాలి. అది వారి గొప్ప. కాని లేచిపోయినవారు కూడా తెలుగు కోసం బండ్లు కట్టుకొని అంతదూరం వచ్చినవారే. వర్మ మరుసటి ఏట, 1931లో, "భాగ్యనగర్" అని సొంత పత్రిక పెట్టుకున్నారు. ఒకరి పందిరి ఇరుకైనప్పుడు ఇంకొక పందిరి లేస్తుంది.

భాష విషయంలోనూ ఇటువంటిదే ఇంకొక చమత్కారం జరిగింది. మహాసభలో తెలుగులోనే మాట్లాడాలని నియమం పెట్టుకున్నారు. దాని వెనుకనున్న గాయం మనకు తెలుసు. తీరా కొంతకాలానికి ఉర్దూలో మాట్లాడేవారు, మరాఠీలో మాట్లాడేవారు స్నేహంగా వచ్చి వేదిక ఎక్కుతామంటే ఆ నియమం అడ్డొచ్చింది. వాదోపవాదాలు జరిగాయి. చివరకు దాన్ని సడలించుకున్నారు. తెలంగాణంలో ఉన్నవారంతా మనవారే, తెలుగు రానివారు తమకు వచ్చిన భాషలో మాట్లాడవచ్చు అన్నదాకా వచ్చారు. గాయపడినవారు గాయాన్ని నియమంగా మార్చుకోవడం, తర్వాత ఆ నియమం నుండి బయటపడడం, ఈ రెండూ ఒకే తరం చేసింది. రెండవది ఎక్కువ కష్టమని నా అభిప్రాయం.

ఆ రోజుల అనుసంధానానికి నాకు మిక్కిలి ప్రియమైన ఉదాహరణ "గోలకొండ కవుల సంచిక". నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని ఒక పండితుడు రాశారు. పూజ్యమంటే సున్న. సురవరంవారు దానికి సంపాదకీయంతో సమాధానం చెప్పి ఊరుకోలేదు. కవులారా, మీ పద్యాలు పంపండి, మీ ఊరు పేరు పంపండి అని కోరారు. ఉత్తరాలు వచ్చాయి. 1934లో 354 మంది కవులతో సంచిక వెలువడింది. అందులో అందరూ మహాకవులు కారు. కొన్ని పద్యాలను నేనే ఎర్రసిరాతో దిద్దుతాను. కాని దాని విలువ కవిత్వంలో లేదు. పక్క తాలూకాలో పద్యం రాసేవాడొకడున్నాడని తెలియక, ఎవరికి వారు చీకట్లో పద్యాలల్లుకుంటున్న 354 మంది, ఒకే అట్టల మధ్య ఒకరి పేర్లు ఒకరు చదువుకున్నారు. ఆ రోజు వారిలో కొందరైనా తమ పేరు తర్వాత ముందుగా పక్క ఊరివాడి పేరు వెదికి ఉంటారు.

తర్వాతి చరిత్ర అందరికీ తెలిసినదే, త్వరగా దాటిపోతాను. సభ్యత్వపు రుసుము రూపాయి నుండి నాలుగణాలకు తగ్గింది. అంతదాకా వకీళ్ళు, దేశముఖులు, పంతుళ్ళు ఉన్న సభలోకి రైతులు, కూలీలు వచ్చారు. ముక్కాలు రూపాయి తగ్గింపు చేసిన పని ముప్పయి ఉపన్యాసాలు చేయలేదు. 1941 చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షులు. 1944 భువనగిరి సభకూ ఆయనే. అక్కడ మహాసభ రెండుగా చీలింది. "సంఘం" అన్న మాట పల్లెల్లో వేరే అర్థంతో మారుమ్రోగింది. అది వేరే కథ, నెత్తుటితో తడిసిన కథ. జోగిపేటలో హామీపత్రం రాసిచ్చిన మితవాదులు ఈ పర్యవసానాన్ని ఊహించి ఉండరు. తలుపు కొంచెం తెరిచినవాడికి ఎవరు వస్తారో ముందే తెలియదు.

మా సదస్సు దగ్గరికి మళ్ళీ వస్తాను. సభ ముగిసింది. శాలువా మడతపెట్టుకొని బయటికి వస్తుంటే, తీగలు చుట్టుకుంటున్న మనిషి ఒకడు ఆగి నమస్కరించాడు. నలభై దాటిన వయసు. చెంపలు నెరిసినవి.

"గుర్తు పట్టిండ్రా సార్?"

పట్టలేదు. పేరు చెప్పాడు. పేరు వినగానే చివరి బెంచీ, చిరిగిన సంచీ, చక్కని దస్తూరీ జ్ఞాపకం వచ్చాయి. మైకుసెట్టు దుకాణం పెట్టుకున్నాడట. "ఈ ఊళ్ళె ఏ మీటింగైనా మైకు నాదే సార్" అన్నాడు గర్వంగా.

వాడి తరగతి పిల్లలు కొందరు కలిసి నాలుగేండ్ల క్రింద ఒక వాట్సాప్ గుంపు పెట్టుకున్నారు. నన్నూ చేర్చుకున్నారు. నా పుట్టినరోజుకు అందులో పూలు, దీపాలు, పద్యాలు. ఆ గుంపును నేను నలుగురికీ చెప్పుకొని మురిసిపోయినవాణ్ణే. "మరి నువ్వు అందులో కనబడవేమిరా?" అని అడిగాను.

"అండ్ల పది పాసైనోళ్ళే ఉన్నరు సార్. మమ్ములను కలుపలే. మేం తొమ్మిదిమందిమి తప్పినం గద."

తొమ్మిదిమంది. లెక్క వాడికి గుర్తుంది. నాకు లేదు. నాలుగేండ్లుగా ఆ గుంపులో ఎవరున్నారో చూసి సంతోషించాను గాని, ఎవరు లేరో ఒక్కనాడూ లెక్కపెట్టలేదు. హాజరుపట్టీ పిలిచే ఉద్యోగం చేసినవాణ్ణి.

వాడు మైకులు ఆటోలో సర్దుకొని, నన్ను బస్టాండు దగ్గర దింపిపోయాడు. తొమ్మిదిమందిలో ఏడుగురి ఫోను నంబర్లు వాడి దగ్గరే ఉన్నాయి. ఒకరు దుబాయిలో ఉన్నారట. ఒకరు పోయారు. బస్సు కోసం నిలబడి నంబర్లన్నీ కాగితం మీద రాసుకున్నాను. ఫోనులో రాసుకోవడం నాకింకా చేతకాదు.

ఇంటికి వచ్చాక ఆ గుంపు నడిపే నా శిష్యుడికి సందేశం రాశాను. టైపు చేయడానికి చాలాసేపు పట్టింది. ఏడు పేర్లు, ఏడు నంబర్లు, వీరిని చేర్చగలవా నాయనా అని. రెండు గీతలూ నీలమయ్యాయి. వారం దాటింది. జవాబు ఇంకా రాలేదు. ఎల్లుండి ఆదివారం, వాళ్ళ ఊరే వెళ్ళి అడుగుదామనుకుంటున్నాను.